ఫోటోల్లో దొరకని ప్రేరణ: ఇంటీరియర్ డిజైనర్ల పని వెనుక ఏముంటుంది?

కొత్త ఫ్లాటు తాళాలు చేతికొచ్చాక ఇంటీరియర్ డిజైనర్‌తో జరిగే మొదటి మీటింగ్ హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా ఇంచుమించు ఒకేలా నడుస్తుంది. ఇంటివాళ్లు ఫోన్లో దాచుకున్న ఫోటోలు చూపిస్తారు. డిజైనర్ తన ల్యాప్‌టాప్‌లోంచి ఇంకొన్ని చూపిస్తారు. రెండూ కలిపి ఒక మూడ్ బోర్డు తయారవుతుంది. దాని మీద స్కాండినేవియన్ అనో, జపాండీ అనో, బోహో అనో ఒక పేరు పడుతుంది. గది ఎలా కనిపించాలో అక్కడే తేలిపోతుంది. ఆ గదిలో ఎవరు ఏ వేళ ఏం చేస్తారు, ఎండ ఎటునుంచి వస్తుంది అన్న ప్రశ్నలు ఎవరికైనా గుర్తొస్తే తర్వాత వస్తాయి.

గత వందేళ్లలో గుర్తుండిపోయే గదులు తయారుచేసినవాళ్ల పని చూస్తే ఈ వరస తిరగబడి కనిపిస్తుంది. వాళ్లూ పరాయి దేశాల వస్తువులు చూశారు, మెచ్చుకున్నారు, తెచ్చుకున్నారు. కానీ వాళ్ల పనిని మలుపు తిప్పింది చూసిన బొమ్మ కాదు. చేతికి లొంగని పదార్థం, కుదరని గది, యుద్ధం వల్ల దొరకని స్టీలు, ఊరి ఎండ. ప్రేరణ గురించి చెప్పే కథల్లో ఇవి సాధారణంగా ఉండవు, ఎందుకంటే వీటిని ఫోటో తీయడం కష్టం.

డిజైనర్ ఐలీన్ గ్రే సంగతే చూడండి. 1878లో ఐర్లండ్‌లో పుట్టి, లండన్ స్లేడ్ స్కూల్లో బొమ్మలు వేయడం నేర్చుకుని, పారిస్‌లో స్థిరపడిన ఈమె చేసిన 'డ్రాగన్స్' కుర్చీ 2009లో పారిస్ వేలంలో దాదాపు 2.19 కోట్ల యూరోలు పలికింది. ఆమె ప్రేరణ గురించి ఎవరు రాసినా 'జపాన్ లక్క కళ' అనే మాట వస్తుంది. అది వింటే ఏ మ్యూజియంలోనో ఒక జపాన్ పెట్టె చూసి మనసు పారేసుకున్నట్టు అనిపిస్తుంది. జరిగింది వేరు. లండన్ సోహోలో లక్క పూసిన పాత చెక్క తెరలు రిపేరు చేసే ఒక దుకాణంలో ఆమె ఈ పనిలోకి దిగింది. ఆ తర్వాత పారిస్‌లో సెయిజో సుగవారా అనే జపాన్ పనివాడి దగ్గర ఏళ్ల తరబడి నేర్చుకుంది.

ఈ లక్క ఏటికొప్పాక బొమ్మల మీద కనిపించే లక్క కాదు. ఏటికొప్పాకలో వాడేది కొమ్మల మీద పురుగులు చేసే లక్క. గిరగిరా తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీని ఒత్తితే, రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది. బొమ్మ అప్పటికప్పుడే మెరుస్తుంది. జపాన్‌ది ఒక చెట్టు నుంచి కారే పాలు. చర్మానికి తగిలితే దద్దుర్లు లేస్తాయి. గ్రే చేతులకూ లేచాయి. అది గట్టిపడటానికి ఎండ కాదు, తేమ కావాలి. ఒక పూత వేయాలి, అది గట్టిపడే దాకా ఆగాలి, నున్నగా రుద్దాలి, మళ్లీ పూత వేయాలి. ఇలా ఇరవై సార్లు, ఒక్కోసారి అంతకు మించి.

ఇంత ఓపిక అడిగే పదార్థం చేసేవాళ్ల అభిరుచిని కూడా మారుస్తుంది. అన్ని పూతలు వేసి, రుద్ది, లోతు తెచ్చిన నలుపు మీద మళ్లీ పూలూ తీగలూ గీయడం ఎందుకనిపిస్తుంది. గ్రే తొలి తెరల మీద మనుషుల బొమ్మలున్నాయి. తర్వాతి వాటిలో గీతలే మిగిలాయి. చివరికి అవి ఉత్త పలకలయ్యాయి. ఆమె పనిలోని నిరాడంబరతను ఆధునిక కళా ఉద్యమాల ప్రభావంగా చెప్పేవారున్నారు. అది కొంత నిజమే కావచ్చు. లక్క పూతలు నేర్పింది మాత్రం తక్కువ కాదు.

1919 ప్రాంతంలో పారిస్ ర్యూ ద లోటాలో ఒక సంపన్నురాలి ఫ్లాటు ఆమె చేతికొచ్చింది. నడవా ఇరుకు, పొడవు. గోడల నిండా పాతకాలపు నగిషీలు. గ్రే చిన్న చిన్న లక్క పలకలను వందల్లో చేయించి గోడలకు బిగించి నగిషీలను కప్పేసింది. అవతలి గది దగ్గరపడేచోట అవే పలకలను గోడకు అడ్డంగా, తలుపు రెక్కల్లా బయటికి తిప్పింది. దాంతో ఆ పొడవు విరిగింది. ఆ తిరిగిన పలకలే తర్వాత విడిగా నిలబడే 'బ్రిక్ స్క్రీన్' అయ్యాయి. ఇప్పుడు మ్యూజియంలో శిల్పంలా నిలబెట్టి చూపించే ఆ తెర మొదట ఒక ఇరుకు నడవాకు దొరికిన ఉపాయం.

సుగవారా దగ్గరే ఇంకొకాయనా నేర్చుకున్నాడు. స్విట్జర్లాండ్‌లో పుట్టిన లోహపు పనివాడు జాన్ దునాన్. 1912లో సుగవారాను కలిసి, తన లోహవిద్య చెప్పి బదులుగా లక్క విద్య తీసుకున్నాడు. దునాన్ చేతిలో లక్క లోహపు కూజాల పైకి ఎక్కింది. గుడ్డు పెంకు ముక్కలు పొదిగిన తెల్లటి ఉపరితలాలయింది. చివరికి 1935లో తొలి ప్రయాణం చేసిన 'నార్మండీ' ఓడ స్మోకింగ్ రూములో బంగారు మెరుపుల భారీ పలకలుగా తేలింది. గురువు ఒకరే, పదార్థం ఒకటే, నగరం ఒకటే. గ్రే పని రానురాను ఆభరణాలు విప్పుకుంటూ పోయింది, దునాన్ పని తొడుక్కుంటూ పోయింది. ఫలానా ప్రేరణ వల్ల ఫలానా శైలి వచ్చిందని సులువుగా గీత గీసేవాళ్లకు ఈ ఇద్దరి కథ అడ్డం పడుతుంది.

సుగవారా పేరు మాత్రం వీళ్లిద్దరి కీర్తి కింద చిన్న అక్షరాల్లోనే మిగిలింది. 'ప్రేరణ' అనే మాటకున్న సౌకర్యాల్లో ఇదొకటి. పక్కన కూర్చుని చేయి పట్టి నేర్పిన మనిషిని 'జపాన్ ప్రభావం' అని ఒక దేశం పేరు కింద కప్పేయవచ్చు.

1926-29 మధ్య గ్రే ఫ్రాన్స్ దక్షిణ తీరంలో, రోక్‌బ్రూన్-కాప్-మార్టిన్ రాళ్ల మీద ఇ-1027 అనే ఇల్లు కట్టింది. దాని చుట్టూ చెప్పుకోడానికి బాగుండే ప్రేరణ కథలు చాలా ఉన్నాయి. 'బిబెండమ్' కుర్చీ మిషెలిన్ టైర్ల బొమ్మమనిషిలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. 'ట్రాన్సాట్' కుర్చీ ఓడ డెక్ మీద వేసుకునే కుర్చీ నుంచి వచ్చింది. (అలాంటి ట్రాన్సాట్ కుర్చీ ఒకటి 1930ల్లో ఇండోర్ మహారాజు యశ్వంత్‌రావ్ హోల్కర్ మాణిక్ బాగ్ ప్యాలెస్‌కూ చేరింది.) కానీ ఆ ఇంట్లో ఇంతకన్నా ఆసక్తికరమైనవి ఇలాంటి పేర్లు లేని సంగతులు. భోజనాల బల్లపై కార్క్ పరిచి ఉంటుంది, పళ్లేలు పెట్టినప్పుడు చప్పుడు కాకుండా. గుండ్రటి గాజు బల్ల కాలు మంచం కిందికి దూరుతుంది, పైభాగాన్ని ఎత్తుకు తగ్గట్టు జరుపుకోవచ్చు. పక్క మీదే టిఫిన్ చేసే అలవాటున్న తన తోబుట్టువు కోసం ఆ బల్ల చేసిందని చెబుతారు. దీనికి మూడ్ బోర్డు పెట్టాలంటే ఏ ఫోటో పెట్టాలి? రొట్టె పొడి రాలిన దుప్పటిదా?

ఫ్రెంచ్ డిజైనర్ షార్లెట్ పెరియాండ్ దారి ఇంకోలా మొదలైంది. 1927లో ఇరవై నాలుగేళ్ల వయసులో ఆర్కిటెక్ట్ లె కార్బూజియే ఆఫీసుకు ఉద్యోగం అడగడానికి వెళితే, ఇక్కడ మేం దిండ్లకు ఎంబ్రాయిడరీ చెయ్యం అని పంపేశాడు. కొద్ది రోజులకే ఒక ప్రదర్శనలో ఆమె స్టీలూ అల్యూమినియంతో చేసిన బార్ చూసి, పిలిచి మరీ చేర్చుకున్నాడు. అప్పట్లో ఆమెకు సైకిళ్లూ కార్లూ అంటే పిచ్చి. 1928లో ఆ ఆఫీసులో తయారైన స్టీలు గొట్టాల పడక కుర్చీ ఇప్పటికీ అమ్ముడవుతోంది. చాలామంది దాన్ని కార్బూజియే కుర్చీ అనే అంటారు.

1940లో జపాన్ ప్రభుత్వ వాణిజ్య శాఖ ఆమెను సలహాదారుగా పిలిచింది. కార్బూజియే ఆఫీసులో ఆమెతో పనిచేసిన జున్జో సకాకురా ఈ ఆహ్వానం వెనుక ఉన్నాడు. జర్మన్ సైన్యం పారిస్‌లో అడుగుపెట్టిన రోజుల్లోనే ఆమె ఓడెక్కింది. జపాన్‌లో స్టీలు యుద్ధానికే సరిపోవడం లేదు, కుర్చీలకెక్కడిది? అందుకని తన పడక కుర్చీనే వెదురుతో మళ్లీ చేసింది. స్టీలు గొట్టాన్ని ఒకసారి వంచితే అలాగే ఉండిపోతుంది. వెదురు బద్ద బరువుకు వంగి, దించగానే లేస్తుంది. కాబట్టి ఆకారం పాతదే అయినా మోసే పద్ధతి మొత్తం మారింది. 1941లో టోక్యో, ఒసాకా తకాషిమాయా స్టోర్లలో ఆమె పెట్టిన ప్రదర్శనలో ఆ కుర్చీ ఉంది.

పెరియాండ్ మీద జపాన్ ప్రభావం అనగానే అందరూ చూపించేది ఈ వెదురు కుర్చీనే. ఫోటోకు బాగుంటుంది కదా. అయితే అది ఫ్రాన్స్ నుంచి తెచ్చుకున్న పాఠాన్ని కొత్త పదార్థం మీద పరీక్షించడం మాత్రమే. జపాన్ ఆమెకు ఇచ్చింది అంతగా కంటికి కనిపించని సంగతి. అక్కడి ఇల్లు తతామి చాపల లెక్కలో నడుస్తుంది. చాప సుమారు 90 సెంటీమీటర్ల వెడల్పు, 180 పొడవు. గది ఎంత అంటే ఇన్ని చాపలు అంటారు. తలుపు రెక్కలూ అల్మరాలూ ఆ కొలతకే తెగుతాయి. మన పాత ఇళ్లలో దూలానికీ దూలానికీ మధ్య చోటును అంకణం అని లెక్కపెట్టినట్టు. నెల్లూరు, తిరుపతి వైపు స్థలాలు ఇప్పటికీ అంకణాల్లోనే చెబుతారు. కొలత ఒకటి ఖాయమైతే వడ్రంగికి ప్రతి ఇల్లూ కొత్త లెక్క కాదు. సామాను గోడలో కలిసిపోతుంది, నేల ఖాళీగా మిగులుతుంది.

ఫ్రాన్స్ తిరిగి వెళ్లాక ఆమె పనిలో జపాన్ బొమ్మ ఎక్కువగా కనిపించదు, ఈ లెక్క కనిపిస్తుంది. గోడంతా పరుచుకునే అరలు, గదిని విడదీసే అల్మరాలు, తక్కువ చోటును ఎక్కువ పనికి వాడటం. మార్సేలో కార్బూజియే కట్టిన పెద్ద అపార్ట్‌మెంట్ భవనానికి ఆమె వంటిల్లు ఆలోచించినప్పుడు దాన్ని తలుపు వేసిన గదిగా కాకుండా, హాలు వైపు తెరిచిన గట్టుగా చేసింది. వంట చేస్తున్న ఆడమనిషి ఇంటివాళ్లకూ అతిథులకూ దూరంగా గోడ వెనక ఉండిపోకూడదన్నది ఆమె పట్టుదల. ఇవాళ ఓపెన్ కిచెన్ అడిగే ఇళ్లలో ఎంతమంది ఆ కారణంతో అడుగుతున్నారో, ఎంతమంది ఫోటో చూసి అడుగుతున్నారో తెలియదు. పోపు పొగ సోఫా దాకా వస్తోందని ఏడాది తిరక్కుండా గాజు తలుపు పెట్టించుకునేవాళ్లూ ఉన్నారు.

ఇక పుదుచ్చేరి. అక్కడి శ్రీ అరవింద ఆశ్రమంలో 'గోల్కొండ' అనే వసతి భవనం ఉంది. హైదరాబాద్ నిజాం ప్రభుత్వంలో దివానుగా ఉన్న సర్ అక్బర్ హైదరీ ద్వారా వచ్చిన డబ్బుతో కట్టారు కాబట్టి గోల్కొండ గనుల పేరు పెట్టారు. 1937లో పని మొదలైంది. చెక్ దేశంలో పుట్టి టోక్యోలో ఆఫీసు నడిపిన ఆంటోనిన్ రేమండ్ ఆర్కిటెక్ట్. ఆయన దగ్గర పనిచేసే ఫ్రాంటిషెక్ సామర్, జార్జ్ నకషిమా ఇక్కడికి వచ్చి పని చూసుకున్నారు. నకషిమా అమెరికాలో పుట్టిన జపాన్ సంతతివాడు. ఆశ్రమంలోనే శిష్యుడిగా చేరి సుందరానంద అనే పేరు తీసుకున్నాడు.

ఇంటీరియర్ గురించి మాట్లాడేటప్పుడు ఈ భవనాన్ని తలుచుకోవడానికి కారణం, ఇక్కడ లోపలా బయటా విడివిడిగా ఆలోచించలేదు. సమస్య సూటిగా ఉంది: సముద్రపు ఉక్కపోత, ధ్యానానికి నిశ్శబ్దం, ఒక్కొక్కరికి ఒక్కో గది. పొడుగు వైపులు ఉత్తరానికీ దక్షిణానికీ పెట్టారు. కిటికీల్లో గాజు లేదు. గోడ పొడుగునా అడ్డంగా తిరిగే వెడల్పాటి రెక్కలున్నాయి. వాటిని తిప్పితే ఎండ ఆగుతుంది, గాలి ఆగదు. గదికీ నడవాకూ మధ్య టేకు బద్దల జారుడు తలుపులు. ఒక బద్ద వెనక్కీ ఒక బద్ద ముందుకీ ఉండటంతో లోపలి మనిషి కనిపించడు, గాలి మాత్రం దారి వెతుక్కుని పోతుంది. జపాన్‌లో రేమండ్ ఏళ్ల తరబడి చూసిన జారుడు తలుపు ఇదే. కాగితం పోయి, టేకు బద్దలొచ్చాయి. కింద నున్నగా మెరుగుపెట్టిన నల్లటి కడప రాయి. గదిలో మంచం, బల్ల, కుర్చీ, అంతే. టేకు ఫర్నిచర్ నకషిమా గీసిచ్చాడు.

ఆ కడప రాయి సంగతి కొంచెం ఆలోచించదగ్గది. తెలుగు ఇళ్లలో కడప బండ అంటే అల్మరా అరలకో, వంటింటి గట్టు కిందికో వెళ్లే చవక రాయి. గ్రానైట్ వచ్చాక దాన్ని పైకి కనిపించనిచ్చేవాళ్లే తగ్గారు. టోక్యో నుంచి వచ్చినవాళ్ల కంటికి అదే రాయి చల్లగా, చీకటిగా, కాళ్లకు హాయిగా ఉండే నేలగా కనిపించింది. దగ్గరున్న వస్తువును దూరం నుంచి వచ్చినవాడు చూసే చూపు ఇది. అలాగని పరాయివాడికే ఆ కన్ను ఉంటుందనుకోనక్కర్లేదు. శ్రీలంకలో ఆర్కిటెక్ట్ జెఫ్రీ బావా చేసింది సొంత ఊరిలోనే. 1960ల మొదట్లో కొలంబోలో ఎనా డి సిల్వా కోసం కట్టిన ఇంట్లో, స్థలం మధ్యలో బంగళా కట్టి చుట్టూ ఖాళీ వదిలే పద్ధతిని తిప్పేశాడు. ఖాళీని ఇంటి మధ్యకు తెచ్చి నడిమి వాకిలి చేశాడు. నగరంలో స్థలాలు చిన్నవవుతుంటే గాలీ చాటూ రెండూ దక్కే దారి అదేనని పాత ఇళ్లను చూసి పట్టుకున్నాడు.

నకషిమా తర్వాతి కథ ఇంకో మలుపు. యుద్ధంలో అమెరికా ప్రభుత్వం జపాన్ సంతతివాళ్లను నిర్బంధ శిబిరాలకు పంపినప్పుడు ఆయన్ను ఐడహోలోని మినిడోకాలో పెట్టారు. అక్కడ గెంతారో హికోగావా అనే వడ్రంగి దగ్గర, దొరికిన తుక్కు చెక్కతోనే జపాన్ పద్ధతి చేతిపని నేర్చుకున్నాడు. 1943లో రేమండ్ పూచీ మీద విడుదలై పెన్సిల్వేనియా చేరాడు. చెట్టు అంచును కోసేయకుండా అలాగే ఉంచడం, పగులు విచ్చుకోకుండా దాని మీద సీతాకోకచిలుక ఆకారపు చెక్క బిళ్ల దిగ్గొట్టడం ఆయన గుర్తులయ్యాయి. చెక్కలో లోపాన్ని దాచకుండా, పారేయకుండా వాడుకునే పద్ధతి అది. ఇవాళ హైదరాబాద్ షోరూముల్లో లైవ్ ఎడ్జ్ టేబుల్ అని మధ్యలో నీలం ఎపాక్సీ (పోశాక గట్టిపడే రెసిన్) నది పోసి అమ్మేది దానికి దూరపు చుట్టమే. నకషిమా పగులును నిలబెట్టాడు, ఇక్కడ ఇరవై కిలోల రెసిన్ పోయడానికి రెండు చెక్కల మధ్య సందు చేస్తున్నారు.

బొమ్మే ప్రధానమైన చోట్లూ లేకపోలేదు. అమెరికాలో డెకొరేటర్ డొరోతీ డ్రేపర్ చేసిన గ్రీన్‌బ్రయర్ హోటల్ పెద్ద ఉదాహరణ. వెస్ట్ వర్జీనియాలోని ఆ హోటల్ యుద్ధకాలంలో సైనికుల ఆసుపత్రిగా ఉంది. 1948లో మళ్లీ తెరిచేటప్పుడు ఆమె గోడల నిండా ఆ రాష్ట్ర పుష్పమైన రోడోడెండ్రాన్ పూలు పరిచింది, రంగులు దట్టించింది, నేలకు నలుపు తెలుపు గళ్లు వేసింది. ఇంట్లో అయితే నెల తిరిగేసరికి కళ్లు తిరుగుతాయి. ఆసుపత్రి వాసన జనం మనసులోంచి పోవాలి, రెండు రాత్రులు ఉండి వెళ్లేవాళ్లకు గుర్తుండిపోవాలి. ఆ అవసరానికి ఆ అతి సరిగ్గా సరిపోయింది. రెస్టారెంట్లకూ పెళ్లి మండపాలకూ ఇదే లెక్క. చిక్కు వచ్చేది ఈ హోటల్ లెక్క రోజూ బతికే ఇంట్లోకి వచ్చినప్పుడు.

స్కాండినేవియన్ అనే పేరుతో ఇప్పుడు ఇక్కడ అమ్ముడయ్యే తెల్ల గోడలు, లేత కర్ర, పల్చటి కర్టెన్లు చలికాలంలో సూర్యుడు కొన్ని గంటలే కనిపించే దేశాలవి. ఉన్న కాస్త వెలుతురునూ గది మూలల దాకా విసరడం అక్కడి అవసరం. మే నెలలో విజయవాడ పడమటి కిటికీకి ఆ సమస్య లేదు. దాని సమస్య సరిగ్గా ఎదురుది: వెలుతురును బయటే ఆపి, కొంచెం కొంచెంగా లోపలికి వదలడం. ఇదే తప్పు సొంత సంప్రదాయం పేరుతోనూ జరుగుతోంది. 'మండువా కాన్సెప్ట్' విల్లాల్లో రెండంతస్తుల ఎత్తు హాలు పెట్టి, పైన గాజు కప్పు మూసి, మధ్యలో ఉరుళి అనే వెడల్పాటి ఇత్తడి పాత్ర పెడతారు. మండువా పనిచేసింది కప్పు లేకపోవడం వల్ల. వేడి గాలి పైకి పోయేది, వాన లోపల పడి తూము గుండా బయటికి పోయేది, నాలుగు వైపులా వసారాలు నీడనిచ్చేవి. దానికి గాజు మూత వేశాక మిగిలేది ఏసీ బిల్లు.

డిజైనర్లందరికీ ఇది తెలియక కాదు. వాళ్ల లెక్క వేరే చోట బిగుసుకుని ఉంది. పని చదరపు అడుగుల చొప్పున ఒప్పుకుంటారు. నలభై అయిదు రోజుల్లో తాళాలిస్తామంటారు. ప్లైవుడ్ ఎనిమిది బై నాలుగు అడుగుల షీట్లలో వస్తుంది, అందులోంచే వార్డ్‌రోబూ కిచెన్ డబ్బాలూ టీవీ యూనిటూ తెగాలి. పైన ఏ లామినేట్ అంటించాలన్నది క్యాటలాగులోంచి. ఇంటివాళ్లకు చూపించే ప్రేరణకూ ఫ్యాక్టరీలో జరిగే కోతకూ సంబంధం ఉండదు. ఫాల్స్ సీలింగ్ ఎత్తు ఏసీ పైపు నిర్ణయిస్తుంది, దానికి ఏ దేశం పేరైనా పెట్టొచ్చు.

ఇలాంటి ఫ్యాక్టరీ కట్టుబాట్లలోనే పెరియాండ్ తన చివరి పెద్ద పని చేసింది. 1967 నుంచి ఫ్రాన్స్ ఆల్ప్స్‌లో లె ఆర్క్ అనే స్కీయింగ్ ఊరికి వేలమంది సెలవులకొచ్చే గదులు గీసింది. కొండల మీద మంచు వల్ల ఏడాదిలో కట్టడానికి దొరికేది కొన్ని నెలలే. అందుకని బాత్రూములను కింద ఫ్యాక్టరీలో ఒకే అచ్చుగా పోయించి, పూర్తి డబ్బాలుగా పైకి తెప్పించి, భవనంలో అమర్చింది. గదులు చిన్నవి, ఎందుకంటే వచ్చినవాళ్లు కొండ మీద ఉండాలి, గదిలో కాదు. ఉన్న చోటంతా కిటికీకీ బాల్కనీకీ వదిలేసి, మంచాలూ అరలూ గోడల్లోకి సర్దింది. అచ్చులో పోసిన ఆ బాత్రూము ప్లాస్టిక్‌లాగే కనిపిస్తుంది. ఇక్కడి లామినేట్ల మీదేమో నలభై ఎనిమిది బై తొంభై ఆరు అంగుళాల షీటుకు కూడా టేకు నార బొమ్మ అచ్చువేసి ఉంటుంది.